తండ్రి పోయిన పిమ్మట మగ్గమెవరిది?

చేనేత కుటుంబముల వారికి మనవి.

మా సంఘమునకు సభ్యులు నూలు కొఱకు వత్తురు, నేసిన బట్ట అప్పగించుటకు వత్తురు, కూలి లెక్క చూచుకొనుటకు వత్తురు. కొన్నేండ్లుగా మఱియొక పనిమీద కూడ వచ్చుచున్నారు. తండ్రి పోయినాడు, అన్నదమ్ములకు పొసగుట లేదు, ఆడబిడ్డలు వాటా అడుగుచున్నారు, దారి యేమని అడుగుచున్నారు. మేము వకీళ్లము కాము. ఐనను ఇంటి తగాదా యేదైనను తుదకు మగ్గము మీదికే వచ్చుచున్నది. మగ్గము ఆగినచో నష్టము ఆ యింటికే కాదు, సంఘమునకు కూడ. అందుచేత చట్టములో నున్నదియు, పెద్ద కోర్టులు తేల్చినదియు మనవారికి పనికివచ్చునంతవరకు ఇచట వ్రాయుచున్నాము.

ఒక యింటి సంగతి

పేర్లు చెప్పము. తండ్రి మంచి నేతగాడు. తాను కట్టిన ఇల్లు, అందులో రెండు మగ్గములు, తాతనాటి మెట్టపొలము నాలుగెకరములు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. కర్మాంతరము ముగిసిన వెంటనే ఊరి పెద్దలను కూర్చుండబెట్టి తెల్లకాగితముపై పాలుపట్టీ వ్రాసికొనిరి. ఇల్లు, మగ్గములు పెద్దవానికి, పొలము చిన్నవానికి, తల్లి ఆఱు నెలలు ఒకరి యింట, ఆఱు నెలలు మఱొకరి యింట. ఆడబిడ్డలకు చీరె, రవిక, పసుపు కుంకుమ పెట్టి, కాగితము అడుగున సంతకములు చేయించిరి. అంతటితో తీరినదనుకొనిరి.

మా ప్రాంతపు మెట్ట సంగతి అందఱకు తెలిసినదే. వానలేక వేరుసెనగ కూడ సరిగా పండని నేల. దానిని పంచుకొనుటలో ఎవ్వరికి పట్టుదల యుండెడిది కాదు. అట్టి నేలకు సౌరవిద్యుత్తు వచ్చి ధర తెచ్చినది. తిరుమణి, బలసముద్రము, వల్లూరు, రాయచెర్లు, మా క్యాతగానచెర్లు, ఈ అయిదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములు రైతులనుండి కౌలుకు తీసికొని పావగడ సౌరపార్కు నెలకొల్పిరి. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు కౌలు, రెండేండ్ల కొకసారి నూటికి 5 వంతున పెంపు అని ఏర్పాటు.

పై యింటి నాలుగెకరములు కూడ కౌలులో చేరెను. మొదటి రేటున లెక్కించినను ఏటికి 84,000 రూపాయలు. అది చిన్నవాని ఖాతాలో పడుచుండగా పెద్దవానికి తాను మోసపోయితి ననిపించెను. అది తాతనాటి పొలము కదా, మాకును హక్కు లేదా అని ఆడబిడ్డలు అడిగిరి. మాటకు మాట పెరిగి, ఒకడు మగ్గముల గదికి తాళము వేసెను, మఱియొకడు దానిపై మఱొక తాళము వేసెను. మగ్గముమీద సంఘమిచ్చిన పడుగు సగము నేత నేసి యుండెను. తాళములు తీయించునాటికి ఎలుకలు కొఱికి, అచ్చు తుప్పుపట్టి, అది దేనికిని పనికిరాలేదు. వారిలో ఎవ్వరును దుర్మార్గులు కారు. ఎవరికెంత హక్కో ఎవరికిని తెలియకపోవుటయే తప్పు.

ఏది పంపకమునకు వచ్చును, ఏది రాదు

మొదట యింటనున్న వస్తువులను వేఱుచేసి చూడవలెను.

సంఘము కూలికి నేయుటకిచ్చిన నూలు, మగ్గముమీద నున్న పడుగు, నేసిన బట్ట సంఘమువి. అవి మృతుని ఆస్తి కావు. వానిని పంచుకొనుటకు గాని, తాళములో పెట్టుటకు గాని ఎవ్వరికిని హక్కు లేదు. మగ్గము సభ్యుడు కొన్నదైన అతని ఆస్తియే. సంఘము వాడుకకు మాత్రమే ఇచ్చినదైన సంఘమునకు తిరిగి చేరవలెను. అందుచేత మగ్గపు రసీదు, ఉత్తర్వు కాగితము భద్రముగా నుంచుకొనవలెను.

తండ్రి తన కష్టముతో సంపాదించినది స్వార్జితము. తాతముత్తాతలనుండి ఉమ్మడి కుటుంబములో వచ్చుచున్నది పిత్రార్జితము. ఈ రెంటికిని న్యాయము వేఱు. ఐతే తాతనాటిదను మాట ఒక్కటే చాలదు. 1956 తరువాత తాత మరణించి, ఆయన సొంత ఆస్తి చట్టప్రకారము తండ్రికి వాటాగా వచ్చినచో, అది తండ్రి చేతిలో అతని సొంతమే యగునని సుప్రీంకోర్టు 1986లో తీర్పు చెప్పినది. కావున ఆస్తి ఎప్పుడు, ఎవరినుండి, ఏ విధముగా వచ్చినదో కాగితము చూచి తేల్చుకొనవలెను.

నేతయిండ్లలో మఱియొక చిక్కు కలదు. తండ్రి నేసినాడు, తల్లి కండెలు చుట్టినది, పిల్లలు సాయపడినారు, కూలి మాత్రము ఒక్కని పేర వచ్చినది. ఆ కూలితో కొన్న స్థలము ఎవరిది? ఉమ్మడి కుటుంబమున్నంత మాత్రమున దానిలోని ప్రతి ఆస్తియు ఉమ్మడిదని చట్టము అనుకొనదు. ఉమ్మడిదన్నవాడే దానికి ఉమ్మడి సొమ్ము మూలమని ఋజువు చేయవలెను. అందఱి కష్టముతో కొన్నదైన, కొన్ననాడే అందఱి పేర వ్రాయించుకొనుట మేలు.

తల్లి పేరనున్న స్థలము, ఇల్లు, ఆమె నగలు పూర్తిగా ఆమెవే. 1956 చట్టము 14వ సెక్షను స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణాధికార మిచ్చినది. ఆమె బ్రతికియుండగా కొడుకులు పంచుకొనుటకు వీలులేదు.

వాటాల లెక్క

హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మగవాడు వీలునామా లేక మరణించిన, అతని స్వార్జితము భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమముగా చెందును. పై యింటిలో ఇల్లు, మగ్గములు తండ్రి స్వార్జితము. భార్య, నలుగురు బిడ్డలు, మొత్తము అయిదు వాటాలు. అవ్వ కూడ బ్రతికియున్నచో ఆఱు వాటాలగును. మూలనున్న ముసలి అవ్వను ఎవ్వరును లెక్కలో చేర్చరు గాని చట్టము ఆమెను మఱచిపోలేదు. చనిపోయిన కొడుకు, కూతురు ఉన్నచో వారి బిడ్డలకు వారి వాటా వచ్చును. చనిపోయిన కొడుకు భార్యకు కూడ అందులో భాగము కలదు.

పిత్రార్జితములో వెనుక మగబిడ్డలకు మాత్రమే పుట్టుకతో హక్కుండెడిది. దానిని మొదట రాష్ట్రములు మార్చినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండియు, కర్ణాటకలో 1994 జూలై 30 నుండియు, అప్పటికి పెండ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానహక్కు వచ్చినది. కేంద్రము 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను కూతుళ్లందఱికి, పెండ్లియైనవారికి కూడ, పుట్టుకతో హక్కు ఇచ్చినది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా జరిగిన పంపకములు, అమ్మకములు మాత్రము కదలవు.

చట్టము వచ్చినపుడు తండ్రి బ్రతికి యుండవలెనా అను ప్రశ్నపై చాలకాలము గజిబిజి నడచినది. ఫూలవతి కేసులో 2015లో సుప్రీంకోర్టు బ్రతికి యుండవలెనన్నది. దానమ్మ కేసులో 2018 ఫిబ్రవరిలో, తండ్రి 2001లోనే పోయినను కూతుళ్లకు వాటా యిచ్చినది. ఈ రెండు కేసులును కర్ణాటకనుండి పోయినవే. తుదకు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు సంశయము తీర్చిరి. హక్కు పుట్టుకతో వచ్చునది, తండ్రి 2005 నాటికి బ్రతికియుండ నక్కఱలేదు.

దానమ్మ కేసు మనవారందఱు తెలిసికొనదగినది. ఆ యింటను విధవ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. కొడుకు కొడుకు 2002లో దావా వేసెను. క్రింది కోర్టు 2007లో కూతుళ్లకు ఏమియు లేదన్నది. హైకోర్టు 2012లో అదియే నిలిపినది. సుప్రీంకోర్టు 2018లో తల్లికి, ఇద్దరు కొడుకులకు, ఇద్దరు కూతుళ్లకు తలకు అయిదవ వంతు అన్నది. న్యాయము దొరికినది, కాని 16 ఏండ్లు పట్టినది.

తెలుగునాట ఒంగోలు కోర్టునుండి పోయిన కేసు మఱియొకటి. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఒక కొడుకు భాగమునకు దావా వేసెను. దావా నడుచుచుండగా 1993లో తండ్రి పోయెను. 1999 మార్చిలో ప్రాథమిక డిక్రీ ఇచ్చిరి. పాత న్యాయము చొప్పున తండ్రికొకటి, కొడుకులకు రెండు, మొత్తము మూడు భాగములు. తండ్రి భాగము మాత్రము నలుగురు బిడ్డలకు. అనగా కూతురికి వచ్చినది పండ్రెండవ వంతు. తుది డిక్రీ కాకమునుపే 2005 చట్టము వచ్చినది. కూతుళ్లు నాలుగవ వంతు చొప్పున అడిగిరి. హైకోర్టు కాదన్నది. సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 12న, తుది డిక్రీ కానంతవరకు పంపకము ముగియలేదని చెప్పి, వారికి నాలుగవ వంతు ఇచ్చినది. దావా వేసి కూర్చున్న కొలది న్యాయము మాఱవచ్చును, వాటాయు మాఱవచ్చును అనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ఆడబిడ్డకు వాటా యనుట మన ఆచారము కాదని కొందఱందురు. మా తాలూకావారికి ఆ మాట చెల్లదు. పావగడ మైసూరు సంస్థానములోనిది. 1933లోనే మైసూరు ప్రభుత్వము హిందూ స్త్రీల హక్కుల చట్టము చేసి, భాగము పంచుకొనునపుడు తల్లికి, పెండ్లికాని కూతురికి, విధవకోడలికి వాటా కల్పించినది. బ్రిటిషు ఇండియాలో విధవలకు హక్కునిచ్చు చట్టము 1937లో వచ్చినది. మన అవ్వల కాలమునుండి ఉన్నదే ఈ మాట.

తెల్లకాగితపు పాలుపట్టీ

భూమిని, ఇంటిని పంచు కాగితము స్టాంపుపై వ్రాసి రిజిస్ట్రీ చేయించవలెను. రిజిస్ట్రీ కాని పాలుపట్టీతో పంపకమును కోర్టులో ఋజువు చేయుటకు వీలుకాదు. ఇదివరకే నోటిమాటగా జరిగిన పంపకమును జ్ఞాపకార్థము వ్రాసికొన్న పట్టీకి రిజిస్ట్రీ అక్కఱలేదను తీర్పులున్నవి. కాని 2005 తరువాత కూతుళ్ల హక్కుకు ఎదురుగా నోటి పంపకము చెప్పుకొనుట మిక్కిలి కష్టము. అట్టి మాటను కోర్టు సులభముగా నమ్మరాదు, పహణీవంటి ప్రభుత్వ దాఖలాలు స్పష్టముగా నుండవలెనని 2020 తీర్పులో చెప్పిరి.

ఆడబిడ్డ తన వాటా వదలుకొనదలచిన అది ఆమె యిష్టము. ఐతే హక్కు విడుదల పత్రము రిజిస్ట్రీ కావలెను. చీరె పెట్టి సంతకము చేయించుకొన్నంత మాత్రమున హక్కు పోదు. పెండ్లినాడు ఇచ్చిన కట్నము, బంగారము వాటాకు బదులని చెప్పుటయు చెల్లదు. తండ్రి బ్రతికియుండగా ఆయన స్వార్జితములో నాకు రేపు వచ్చు వాటా వలదని వ్రాయించుకొన్న కాగితమునకును విలువలేదు. రాని హక్కును వదలుకొనుట యెట్లు?

పహణీలో పేరెక్కుటయే హక్కనుకొనుట మఱియొక పొరపాటు. తండ్రి పోయిన పిమ్మట పౌతి ఖాతా చేయించుకొనుట అవసరమే. కాని ఖాతా పన్ను కట్టుటకు, దాఖలా కొఱకు ఏర్పడినది. ఒక్కని పేర ఎక్కినంత మాత్రమున తక్కిన వారసుల హక్కు పోదు. సౌరపార్కు కౌలు కూడ ఇట్టిదే. ఉమ్మడి భూమికి వచ్చు కౌలును ఒకడు తీసికొన్నను, తక్కిన భాగస్థులకు లెక్క చెప్పవలసినదే. ఇట్టి చిక్కు రాకుండ తాతల పేరనే నిలిచిపోయిన పహణీలను అందఱు కలిసి సరిచేయించుకొనవలెను.

మనకు ప్రత్యేకముగా మఱియొక హెచ్చరిక. మన మాట తెలుగు, మన తాలూకా కచేరి కాగితము కన్నడము. ఇంటనున్న పాత పత్రములు తెలుగులోనుండును, క్రొత్తవి కన్నడములో వ్రాయుదురు. చదివి అర్థము చెప్పించుకొనక ఏ కాగితముపైనను సంతకము గాని, వ్రేలిముద్ర గాని వేయరాదు. చెప్పువాడు ఆ ఆస్తిలో లాభము లేనివాడై యుండవలెను.

వీలునామా

స్వార్జితమును ఎవరికైనను వీలునామా వ్రాయవచ్చును. పిత్రార్జితములో తన వాటావరకే వ్రాయవచ్చును. వ్రాయువాడు సంతకము చేయవలెను, కనీసము ఇద్దరు సాక్షులు దానిని చూచి తామును అతని యెదుట సంతకములు చేయవలెను. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు, చేయించుట క్షేమము. ఎన్ని వ్రాసినను చివరిదే చెల్లును.

మంచమునబడి తెలివి తప్పుచున్న వేళ ఒక కొడుకు కాగితము తెచ్చి వ్రేలిముద్ర వేయించుకొనుట మనయిండ్లలో వినుచున్నాము. మైసూరునుండి సుప్రీంకోర్టుకు పోయిన వెంకటాచల అయ్యంగారి కేసులో 1958 నవంబరులో దీనికి న్యాయము చెప్పిరి. వీలునామా తెచ్చినవాడే దానిని వ్రాయించుటలో ముందుండి, దానివలన తనవారికే పెద్దలాభము కలిగినచో, అది అనుమానాస్పదమైన సంగతి. ఆ యనుమానములను తెచ్చినవాడే తీర్చవలెను. ఆ కేసులో తీర్చలేకపోయెను, వీలునామా నిలువలేదు. నేటికిని కోర్టులు ఈ తీర్పునే చూపుచున్నవి. కాబట్టి వ్రాయదలచినవారు ఆరోగ్యముగా నున్నపుడే, లాభము పొందని సాక్షుల యెదుట, ఎవరికి ఎందుకు ఇచ్చుచున్నారో కారణముతో వ్రాయుట మేలు.

నామినీ

సంఘములో వాటాధనమునకు, పొదుపునకు నామినీ పేరు వ్రాసియిచ్చుట ప్రతి సభ్యుని పని. సభ్యుడు పోయినపుడు ఎవరికి అప్పగించవలెనో సంఘమునకు తెలియుటకు అది యేర్పడినది. నామినీకి బదిలీ చేసినచో సంఘము బాధ్యత తీరును. కాని నామినీ సొమ్ము నందుకొనువాడు మాత్రమే, వారసుల హక్కు దానితో పోదు. సహకార సంఘముల విషయములో 2016లోను, కంపెనీ వాటాల విషయములో 2023 డిసెంబరులోను సుప్రీంకోర్టు వారసుల హక్కు వేఱుగా నిలుచునని తేల్చినది. పెద్దకొడుకు పేర నామినీ యున్నది గనుక అంతయు వానిదేననుట తప్పు. బ్యాంకు సొమ్ముకు నామినీ లేనిచో సివిలు కోర్టునుండి వారసత్వ సర్టిఫికెట్టు తేవలసి యుండవచ్చును.

మృతుని అప్పు సంగతియు చెప్పవలెను. అప్పు అతని ఆస్తిమీద నిలుచును. వారసులు తమకు దక్కిన ఆస్తి విలువవఱకే దానికి బాధ్యులు, తమ సొంత కష్టార్జితముతో తీర్చవలసిన పనిలేదు. అప్పు డిక్రీ అమలులో పనివాని పనిముట్లను జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షనులో నున్నది. అప్పులవాడు మగ్గము ఎత్తుకొనిపోయెదనని బెదరించినచో ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

కోర్టుకు పోయినచో

భూమి, ఇల్లు ఉన్నచోటి కోర్టులోనే భాగపు దావా వేయవలెను. మన ఎల్లయూళ్లవారికి ఇల్లు పావగడ తాలూకాలో, పొలము మడకశిర వైపున, ఇట్లు రెండు రాష్ట్రములలో ఆస్తి యుండుట కలదు. అట్టివారు ఏ యొక్క భాగమున్న కోర్టులోనైనను మొత్తము ఆస్తికి ఒకే దావా వేయవచ్చును. రెండు చోట్ల రెండు ఖర్చులు పెట్టనక్కఱలేదు.

దావాలో ఆస్తి అంతయు చూపవలెను, భాగస్థులందఱను చేర్చవలెను. ఒక్క అక్కను మఱచినను దావా కుంటుపడును. ఉమ్మడి స్వాధీనములో నున్నవారికి కోర్టు రుసుము స్వల్పము, స్వాధీనమునుండి తొలగింపబడినవారికి వాటా విలువనుబట్టి. ఉమ్మడి కుటుంబపు ఆస్తినుండి తనను తొలగించిరని తెలిసిన నాటినుండి 12 ఏండ్లలోపల దావా వేయవలెను. దావా నడుచుచుండగా ఒకడు ఆస్తి అమ్మినను, కొన్నవాడు తీర్పునకు కట్టుబడవలసినదే.

ప్రాథమిక డిక్రీతో వాటాలు తేలును, ఆస్తి చేతికి రాదు. కమిషనరు వచ్చి కొలిచి, ఎవరి భాగము ఏదియో చూపిన పిమ్మట తుది డిక్రీ. ఈ రెంటి నడుమ ఏండ్లు గడచుచున్నవి. ప్రాథమిక డిక్రీ తరువాత ఎవ్వరును వేఱుగా అడుగకున్నను కోర్టులే తుది డిక్రీకి సాగవలెనని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించినది.

పొలమును గట్టువేసి పంచవచ్చును. రెండంకణముల యింటిని, అందులోని గుంటమగ్గమును అయిదుగురికి పంచుట యెట్లు? దీనికి 1893 నాటి భాగముల చట్టమున్నది. పంచుటకు అనుకూలము కాని ఆస్తిని, సగము గాని అంతకుమించి గాని వాటాగలవారు కోరినచో, కోర్టు అమ్మించి సొమ్ము పంచవచ్చును. అట్లు కోరినపుడు తక్కిన భాగస్థుడు విలువ కట్టించుకొని తానే కొనవచ్చును. ఉమ్మడి నివాసగృహములో ఒకని వాటాను పరాయివాడు కొని భాగమునకు దావా వేసినచో, ఆ వాటాను ఇంటివారు విలువనిచ్చి తీసికొనవచ్చును. కావున నేతపని చేయువాడు ఇల్లు, మగ్గము తానుంచుకొని తక్కినవారికి విలువ చెల్లించు దారిని చట్టమే చూపినది. కావలసినది ఒప్పుదల.

రాజీ మార్గము

ఆ యొప్పుదలకు లోకదాలతు మంచి చోటు. దావా వేయక మునుపును పోవచ్చును, నడుచుచున్న దావాను కూడ పంపించుకొనవచ్చును. అక్కడ జరిగిన రాజీ కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు రుసుము తిరిగివచ్చును. న్యాయసేవల చట్టము చొప్పున స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలును ఇత్తురు. షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, ఆదాయము తక్కువగా నున్నవారికిని ఈ సహాయము కలదు. తాలూకా న్యాయసేవల సమితిని అడుగవలెను. 15100 అను నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

మేము మొదట చెప్పిన యింటి తగాదా రాజీలోనే తీరినది. వాటాల లెక్క కాగితముపై వేసి చూపిన పిమ్మట కేకలు తగ్గినవి. ఇల్లు, మగ్గములు పెద్దవానికే ఉంచిరి. ఇంటిలో తమకు రావలసినదానికి బదులుగా తక్కినవారు పొలపు కౌలులో ఎక్కువ భాగము పొందుటకు ఒప్పుకొనిరి. కౌలును అయిదుగురికి సమముగా పంచినను తలకు 16,800 రూపాయలు వచ్చెడిది. పెద్దవాడు తన 16,800 వదలుకొనుటతో తక్కిన నలుగురికి 21,000 చొప్పున దక్కుచున్నది. తల్లి వాటా తల్లి పేరనే పడుచున్నది, ఆమె ఇపుడు ఎవరి యింట నుండవలెనో తానే నిర్ణయించుకొనుచున్నది. ఈ లెక్క తండ్రి పోయిన నెలలోనే వేసికొన్నచో ఒక పడుగు, కొన్నేండ్ల నేత, అక్కచెల్లెండ్ర రాకపోకలు పోయియుండెడివి కావు.

కావున సభ్యులకు మా మనవి యిది:

1. తండ్రి బ్రతికియుండగనే ఆస్తి జాబితా వ్రాసి, ఏది స్వార్జితమో, ఏది పిత్రార్జితమో, ఏది సంఘముదో గుర్తించుడు.

2. మరణమును 21 రోజులలోపల నమోదు చేయించి సర్టిఫికెట్టు తీసికొనుడు. వంశవృక్షములో ఆడబిడ్డల పేర్లు, అవ్వ పేరు విడువకుడు.

3. పంపకమైనను, హక్కు విడుదలయైనను రిజిస్ట్రీ చేయించుడు.

4. సంఘములో, బ్యాంకులో నామినీ పేర్లు సరిచూచుకొనుడు.

5. తగాదా వచ్చినచో మగ్గముల గదికి తాళము వేయకుడు. మగ్గముమీది పడుగు దిగువఱకు ఎవరో ఒకరు నేయునట్లు సంఘము యెదుట ఒప్పుకొని, తరువాత వాటాలు మాటలాడుకొనుడు.

ఈ విషయములలో సందేహమున్నవారు కాగితములు తీసికొని సంఘ కార్యాలయమునకు రావలెను. మాకు తెలిసినది చెప్పెదము, తెలియనిదానికి వకీలువద్దకు తోడు వచ్చెదము.

ఇట్లు,
కార్యదర్శి, చేనేత సహకార సంఘము, క్యాతగానచెర్లు.